ఓడ యెక్కువారి చీటీ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాస పాఠము)



పెన్న గట్టున పుట్టి పెరిగినవారికి ఓడ ప్రయాణపు ముచ్చట వింతగా తోచవచ్చును. ప్రొద్దుటూరునుండి సముద్రము నూరు మైళ్లకు పైబడిన దూరమున ఉన్నది. జమ్మలమడుగువారు చూచు లోతైన నీరు గండికోట లోయలోని పెన్ననీరు. పులివెందులవైపు రైతులు ఆ నీటి కొఱకే చాలకాలము ఎదురుచూచిరి. ఐనను ఈ మూడు ఊళ్ల చుట్టుపట్ల సముద్రము దాటిన మనిషి లేని గ్రామములు తక్కువ. ఒకరు కువైటునకు పోయిరి, ఒకరు సౌదీకి పోయిరి, ఒకరి బిడ్డ అమెరికాలో చదువుచున్నాడు. పోయినవారందఱు తీసికొనిపోయినది ఒకటే: చేతిలో ఒక చీటీ. ఆ చీటీ ఇప్పుడు కాగితమునుండి తప్పించుకొని చేతిఫోనులోనికి పోవుచున్నది. అది మేలో, కీడో, ఎంతవరకు మేలో విచారించుటయే ఈ ఉపన్యాసపు పని.

పొట్టకూటికై కాక కేవలము వినోదమునకై ఓడ యెక్కుట ఇటీవలి మాట. 2022 జూన్‌లో విశాఖపట్టణమునుండి పుదుచ్చేరి, చెన్నపట్టణములకు విహారనౌక బయలుదేరెను. 2023 జూన్‌లో చెన్నపట్టణమునుండి సింహళపు రేవులైన హంబన్‌తోట, త్రికోణమలై, కాంకేసంతురైలకు విహారనౌక నడువసాగెను. అదే సంవత్సరము సెప్టెంబరులో విశాఖ రేవున విహారనౌకల ప్రయాణికులకై ప్రత్యేకముగా కట్టిన భవనమునకు ప్రారంభోత్సవము జరిగెను.

ప్రొద్దుటూరి బంగారు అంగళ్లలో నలుబది యేండ్లు త్రాసు పట్టిన ఒక పెద్దమనిషిని ఊహించుకొనుడు. కొడుకు బెంగుళూరులో ఉద్యోగి. తల్లిదండ్రులకు ఓడ చూపింపవలెనని టిక్కెట్లు తీసినాడు. తండ్రి నెల దినములు ముందుగానే ప్లాస్టిక్ సంచిలో కాగితములు సర్దుకొనెను: ఆధారు నకళ్లు నాలుగు, టిక్కెట్టు అచ్చు రెండు, ఓటరు కార్డు, ఎందులకైనను మంచిదని రేషను కార్డు కూడ. కొడుకు నవ్వి, "అన్నియు ఫోనులోనే ఉన్నవి, నాయనా" అనెను. "ఆ ఫోను సముద్రములో పడిన?" అని తండ్రి. "సంచి పడిన?" అని కొడుకు. ఈ వాదము ఇంటింట ఉన్నదే. తండ్రిని చాదస్తుడనియు కొడుకును ఆధునికుడనియు తీర్పు చెప్పి లేచిపోవుట సులభము గాని, అది తీర్పు కాదు.

మొదట చీటీలు అన్నియు ఒక జాతివి కావని గుర్తింపవలెను. ఓడ టిక్కెట్టు వేఱు, మనిషి ఎవరో తెల్పు గుర్తింపు వేఱు, దేశము దాటుటకు ఇచ్చు అనుమతి వేఱు. టిక్కెట్టు విషయమున వాదము ఎన్నడో ముగిసినది. మన రైళ్లకు 2002లో ఇంటర్నెట్టు ద్వారా టిక్కెట్లు ఇయ్య నారంభించిరి. మొదట ఆ టిక్కెట్టును కాగితముపై అచ్చువేసి ఇంటికి పంపుచుండిరి. 2005 నుండి ఆ పంపుటయు అక్కఱలేకపోయెను. ప్రపంచమునందలి విమానసంస్థల సంఘము 2008 మే నెలాఖరుతో కాగితపు టిక్కెట్టునకు స్వస్తి చెప్పెను. నంద్యాల-ఎఱ్ఱగుంట్ల మార్గము 2016లో పూర్తియై ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు రైలు వచ్చునప్పటికి, ఆ రైలెక్కువారిలో ఎందఱో ఫోనులోని సందేశమునే టిక్కెట్టుగా చూపుచుండిరి. ఇందలి కిటుకు ఏమనగా, ఫోనులో కనబడునది టిక్కెట్టు కాదు, అచ్చువేసిన కాగితమును టిక్కెట్టు కాదు. అసలు టిక్కెట్టు సంస్థవారి కంప్యూటరులోని పద్దు. ఈ రెండును ఆ పద్దు ఎక్కడ ఉన్నదో చెప్పు గుర్తులు మాత్రమే. ఒకటి పోయినను పద్దు పోదు. కాబట్టి టిక్కెట్టుకై తండ్రీకొడుకులు పోట్లాడవలసిన పనిలేదు.

రైతులకు ఈ భేదము క్రొత్త కాదు. పట్టాదారు పాసుపుస్తకము ఇంట రేకుపెట్టెలో ఉండును. వెబ్‌ల్యాండు పద్దు ప్రభుత్వపు కంప్యూటరులో ఉండును. రెండును ఒకటిగా ఉన్నంతవరకు ఎవరికిని చింత లేదు. ఒకదానిలో మూడెకరములు, ఇంకొకదానిలో రెండున్నర ఎకరములు ఉన్న నాడు తెలియును, ఏ పత్రము ఎవరి చేతిలో ఉన్నదో.

పాస్‌పోర్టు కథ అట్లు కాదు. అది పద్దునకు గుర్తు మాత్రమే కాదు. ఆ పుస్తకమే పత్రము. దానిలోని పుటలపై ముద్రలు పడవలెను, దానిని అధికారి చేతితో తిరుగవేయవలెను. ఇట్టి పత్రము మన ప్రాంతమునకు ఎప్పటినుండి ఎఱుక? మన భాషలో 'రాహదారి చీటీ' అను మాట పాతది. త్రోవను పోవువానిని మధ్యనున్న చౌకీలవారు ఆపకుండుటకు దొర ఇచ్చు కాగితము అది. సముద్రముపైనను అట్టి ఏర్పాటే ఉండెను. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు అరేబియా సముద్రమునకు తామే యజమానులమని చెప్పుకొని, ఓడల వర్తకులకు 'కర్తాజు' అను చీటీ ఇచ్చుచుండిరి. ఓడ పేరు, నాయకుని పేరు, సరకు, ఆయుధములు అందు వ్రాయబడెడివి. చీటీ లేని ఓడ చిక్కినచో సరకుతో సహా పట్టుకొనెడివారు. సముద్రమును చేసినవాడు ఎవడో గాని, దానిపై నడచుటకు చీటీ అమ్మినవాడు మాత్రము వాడు!

చీటీల రాజ్యము ఎట్లుండెనో చూపు చిత్రము ఒకటి జమ్మలమడుగునకు కూతవేటు దూరముననే కలదు. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో ఓడపై మచిలీపట్టణమునకు వచ్చి, అచ్చటినుండి గండికోటకు పోయెను. ఆ కోటను పెమ్మసానివారినుండి గెలిచిన మీర్ జుమ్లా అప్పుడు అచ్చట విడిసియుండెను. అతడు చాపపై పాదరక్షలు లేక కూర్చుండి, కాలివ్రేళ్ల సందున కొన్ని ఉత్తరములు, ఎడమచేతి వ్రేళ్ల సందున కొన్ని ఉత్తరములు ఇఱికించుకొని, ఒకసారి కాలినుండి, ఒకసారి చేతినుండి తీయుచు జవాబులు చెప్పించుచుండెనని ఆ వర్తకుడు వ్రాసిపెట్టెను. ఇప్పటి ఉద్యోగి తెఱపై పది కిటికీలు తెఱచుకొని కూర్చున్నట్లే. మచిలీపట్టణపు ఓడలును, గండికోట ఫిరంగులును, వజ్రపు గనులును ఆ వ్రేళ్ల సందులలో ఉండెను. పత్రము ఎవరి వ్రేళ్ల నడుమ ఉన్నదో వారిదే అధికారము. ఈ మాట మరల అవసరపడును.

పందొమ్మిదవ శతాబ్దమున చెన్నపట్టణపు రేవునుండి కూలీల ఓడలు బయలుదేరెను. 1860 అక్టోబరులో 'ట్రురో' అను ఓడ 342 మందిని ఎక్కించుకొని నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను రేవును చేరెను. తరువాత తెలుగు జిల్లాలవారు నేటాలునకు, మారిషసునకు, ఫిజీకి వేలకొలదిగా పోయిరి. ఆ వలస పత్రములపై కూలివాని పేరు, తండ్రి పేరు, కులము, ఊరు, జిల్లా, ఎత్తు, దేహముపైనున్న మచ్చలు వ్రాయబడెడివి. నంబరుగల రేకుబిళ్లను ధరింపజేయు ఆచారమును ఉండెను. చదువురాని ఆ మనిషి ఆ పత్రమున ఏమున్నదో ఎఱుగడు. అయిదేండ్ల వెట్టిచాకిరికి తాను కట్టుబడినట్లు కూడ అనేకులు ఓడ దిగిన తరువాతనే గ్రహించిరి. ఆ కాగితము వానిని కట్టివేసిన త్రాడు.

కాని ఆ కాగితమే ఇప్పుడు ఏమైనది? ఫిజీ జాతీయ దస్తావేజుల భాండారమందును, మారిషసులోని మహాత్మాగాంధి సంస్థయందును ఆ పత్రములు నేటికిని భద్రముగా ఉన్నవి. ఫిజీ, గయానా, సురినాము, ట్రినిడాడులలోని ఈ పత్రములకు 2011లో యునెస్కోవారు ప్రపంచ స్మృతి పట్టికలో స్థానమిచ్చిరి. నాలుగవ తరము, ఐదవ తరము మనుమలు అచ్చటికి పోయి, ముత్తాత పేరు వెదకి, ఊరి పేరు చదివికొని కన్నీరు పెట్టుకొనుచున్నారు. తెలుగు మఱచినవారికి తెలుగు ఊరిపేరు దక్కినది ఆ కాగితము వలన. బానిసత్వపు చీటీ వంశవృక్షమునకు వేరైనది. నూటయేబది యేండ్లకు ఇప్పటి ఫోనులలోని పత్రములలో ఎన్ని మిగులునో చెప్పగలవారు లేరు.

కాగితమును కాల్చినవారును కలరు. ట్రాన్సువాలులోని భారతీయులు వ్రేలిముద్రలు వేసి ప్రత్యేకపత్రములు తీసికొని తిరుగవలెనను చట్టమును గాంధీగారు ఎదిరించిరి. 1908 ఆగస్టు 16వ తేదీన జోహాన్సుబర్గులోని మసీదు ఆవరణలో రెండువేలకు పైగా పత్రములు పెద్ద కడవలో వేసి కాల్చిరి. పత్రము మనిషిని కాపాడుటకు ఉన్నదా, గుర్తుపెట్టి పట్టుటకు ఉన్నదా అను ప్రశ్న ఆ మంటలో వెలిగెను. వ్రేలిముద్ర ఇప్పుడు బియ్యము తెచ్చుకొనుటకు కూడ వేయుచున్నారు. ఆ ప్రశ్న మాత్రము చల్లారలేదు.

మన దేశమున పాస్‌పోర్టు చట్టము మొదట 1920లో వచ్చినది. అదే సంవత్సరము పారిసులో నానాజాతిసమితి ఆధ్వర్యమున జరిగిన సమావేశము పాస్‌పోర్టు పుస్తకము ఎట్లుండవలెనో నిర్ణయించెను. స్వరాజ్యము వచ్చిన తరువాత కూడ పాస్‌పోర్టు ఇచ్చుట, ఇయ్యకుండుట ప్రభుత్వపు దయగానే ఉండెను. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు విదేశయానము పౌరుని స్వాతంత్ర్యములో భాగమనియు, చట్టము లేక దానిని అడ్డరాదనియు తీర్పిచ్చెను. ఆ యేడే ఇప్పుడు అమలులోనున్న పాస్‌పోర్టుల చట్టము పుట్టినది. అనగా ఆ నీలిరంగు పుస్తకము భిక్షముగా లభించినది కాదు, హక్కుగా లభించినది. ఈ సంగతి పులివెందుల పల్లెలోని ఆడపడుచునకు తెలియవలెను. ఎందుకో ముందు తెలియును.

చేతివ్రాత పాస్‌పోర్టులు 2015 నవంబరు 24తో అంతర్జాతీయముగా చెల్లకుండ పోయెను. యంత్రము చదువగల అక్షరములు వచ్చెను. తరువాత అట్టలోపల చిన్న చిప్పు పెట్టుట వచ్చెను. మలేషియా 1998లోనే అట్టి పాస్‌పోర్టు ఇచ్చెను. మన దేశమున ఈ-పాస్‌పోర్టు ప్రయోగముగా 2024 ఏప్రిలులో ఆరంభమై, హైదరాబాదు, చెన్నపట్టణములు మొదలగు కార్యాలయములకు ప్రాకి, 2025లో దేశమంతట విస్తరించెను. ముందు అట్టపై చిన్న బంగారువన్నె గుర్తు ఉండును, అదే ఆనవాలు. చిప్పులో హక్కుదారుని పేరు, ఫోటో, ఇతర వివరములు ఉండును. వానిపై ప్రభుత్వము రహస్యమైన సంకేతముతో ముద్ర వేయును. పూర్వము రాజులు లక్కపై ఉంగరము అద్దినట్లే. లక్క విఱిగినచో ఉత్తరము తెఱచినారని తెలిసినట్లు, చిప్పులోని అక్షరమొకటి మార్చినను రేవులోని యంత్రమునకు తెలిసిపోవును. గమనింపదగిన విషయమేమనగా, ఇందు కాగితము పోలేదు. కాగితములోనికే కంప్యూటరు వచ్చి కూర్చున్నది. ఫిన్లాండువారు 2023, 2024లలో పాస్‌పోర్టును ఫోనులో పెట్టుకొని సరిహద్దు దాటు ప్రయోగము చేసిరి. సింగపూరువారు తమ పౌరులకు పాస్‌పోర్టు చూపకయే దాటు వీలు కల్పించిరి. అవి ఇంకను అక్కడక్కడి మాటలే. ఓడలో సింహళమునకు పోవువాడు ఇప్పటికిని ఆ పుస్తకము చేతబట్టుకొనియే పోవలెను, దానికి ఆఱు నెలల గడువు మిగిలియుండవలెను. పుస్తకముయొక్క ఫోటో ఫోనులో ఉన్నదన్నచో ఎవరును ఓడ ఎక్కింపరు. స్వదేశపు రేవుల నడుమ తిరుగు ఓడకు పాస్‌పోర్టు అక్కఱలేదు, ప్రభుత్వపు గుర్తింపు కార్డు చాలును.

డిజిలాకరు సంగతి కూడ చెప్పవలెను. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము కంప్యూటరు పత్రమునకు చట్టబద్ధత ఇచ్చెను. 2015లో డిజిలాకరు వచ్చెను. దానిలోనికి ప్రభుత్వ శాఖలు నేరుగా ఇచ్చిన పత్రము అసలుతో సమానమని తరువాతి నిబంధనలు చెప్పెను. ఆధారు కాగితమును ఫోనుతో ఫోటో తీసి దాచుకొనుట ఇది కాదు. ఆ ఫోటోకు విలువ ఫోటోకున్నంతే. చాలమంది ఈ రెంటిని ఒకటిగా తలచి రేవు వాకిట తలవంపులు పడుచున్నారు.

ఇంత మంచి ఏర్పాటులోను ఒక ముల్లు ఉన్నది. ఆ పెట్టె తెఱచుటకు ఫోనునంబరునకు వచ్చు సంకేతసంఖ్య కావలెను. కువైటునకు పోయిన మనిషి అచ్చటి సిమ్ము వేసికొనును. ఇంటి నంబరునకు డబ్బు కట్టక కొన్ని నెలలు ఊరకున్నచో అది రద్దగును. మరియొకరికి కూడ పోవచ్చును. అప్పుడు పెట్టె ఉన్నది, పత్రము ఉన్నది, తాళపుచెవి మాత్రము పరుల జేబులో ఉన్నది. విహారనౌకలోని మనిషికిని నడిసముద్రమున ఇట్టిదే: రేవు దాటిన కొంతసేపటికి ఫోను మూగబోవును. కొడుకు ఇంటియొద్దనే పత్రములను ఫోనులోనికి దింపుకొని యుండవలెను, లేదా తండ్రి సంచికి నమస్కరింపవలెను.

2024 జులై 19వ తేదీ చాలమందికి జ్ఞాపకముండవచ్చును. ఒక రక్షణ సాఫ్ట్‌వేరునకు పంపిన మార్పులో తప్పు దొర్లి, లోకమంతట కంప్యూటర్లు నీలితెఱ వేసికొని నిద్రపోయెను. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయమున కొందఱు ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చిరి. వానిని చూచి పిల్లలు వింతపడిరి, పెద్దలు సంతోషించిరి. కాని అందును అతిశయపడుటకు లేదు: విమానములు వందలకొలది రద్దయినవి. కాగితము తీరిక వేళ అక్కఱకు వచ్చు చుట్టమే గాని, ఆ రద్దీని మోయగల ఎద్దు కాదు. పైగా కాగితమునకు చెదలున్నది, వాన ఉన్నది. రసీదుల యంత్రమునుండి వచ్చు ఆ నున్నని కాగితముపై అక్షరములు ఒక వేసవికే మాసిపోవును. నకళ్ల అంగడి కంప్యూటరులో మన ఆధారు ప్రతి నిలిచిపోవును. అక్కడ దింపుకొన్న పత్రమును తుడిచివేయించి రావలెనని ఎఱిగినవారెందఱు?

ఇంతవరకు వినోదయాత్రికుల మాట. వారి చీటీ తప్పినచో సెలవు చెడును, డబ్బు పోవును. ఇంటికి తిరిగి వత్తురు. ఇచ్చట కూర్చున్నవారిలో అనేకుల ఇండ్లలో చీటీ తప్పినచో పోవునది బ్రదుకు.

పదవ తరగతి దాటనివారి పాస్‌పోర్టుపై 'ఈసీఆర్' అను ముద్ర ఉండును. కువైటు, సౌదీ మొదలగు పదునెనిమిది దేశములకు పనికై పోవుటకు వారు వలసదారుల సంరక్షకాధికారి అనుమతి పొందవలెను. (విహారమునకు పోవు ఈసీఆర్ వారికి ఈ అనుమతి అక్కఱలేదు, కష్టపడుటకు పోవువారికే అక్కఱ.) 1983 వలస చట్టమునందు పుట్టిన ఈ ఏర్పాటు ఇప్పుడు 'ఈ-మైగ్రేట్' అను కంప్యూటరు పద్ధతిలోనికి మారినది. యజమాని పేరు, జీతము, పని, ఒప్పందము అందులో నమోదు కావలెను. ఇంటిపనికి పోవు ఈసీఆర్ స్త్రీకి ముప్పది యేండ్లు నిండియుండవలెను; 2016 ఆగస్టునుండి అట్టి స్త్రీలను పంపుట ప్రభుత్వ సంస్థలకే పరిమితము చేసిరి. పోవువారు ప్రవాసీ భారతీయ బీమా తప్పక తీసికొనవలెను. రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు. ప్రమాదమువలన మరణము సంభవించినను, శాశ్వతముగా అవిటితనము వచ్చినను పదిలక్షల రూపాయలు. ఈ చివరి సంఖ్య తెలియక ఎన్ని కుటుంబములు అడుగక ఊరకున్నవో!

కంప్యూటరు వచ్చినందున ఇందు గొప్ప మేలు కలిగినది. పూర్వము ఏజంటు ఒక కాగితము చేతబెట్టి ఇదే వీసా అనిన నమ్మవలసినదే. కాగితము నిజమా అని ఆ కాగితమునే అడిగిన ప్రయోజనము లేదు. ఇప్పుడు ఏజంటు లైసెన్సుసంఖ్య ఈ-మైగ్రేట్ పద్దులో ఉన్నదో లేదో ఎవరైనను చూడవచ్చును. సందర్శకుల వీసాపై పనికి పంపుచున్నవాడు దొంగ యని చూచినంతనే తెలియును. వాట్సప్పులో వచ్చిన వీసా చిత్రము ఎంత అందముగా ఉన్నను అది చిత్రమే; పద్దుతో సరిచూచినప్పుడే పత్రము.

మేలు అక్కడికి ఆగును. పులివెందుల ప్రాంతపు ఆడపడుచు ఒకతె కువైటులో విమానము దిగెననుకొనుడు. యజమాని మనిషి వచ్చి పాస్‌పోర్టు అడిగి తీసికొనును. "భద్రముగా ఉండును" అనును. విహారనౌకలోను కొన్ని యానములలో ఓడవారు పాస్‌పోర్టులు తీసికొని తమయొద్ద ఉంచుకొందురు. రేవులలో అధికారులకు చూపుటకు వారికి సులువు. ప్రొద్దుటూరి పెద్దమనిషి కూడ ఇచ్చును, రసీదు పుచ్చుకొనును, దిగునాడు తిరిగి తీసికొనును. చేష్ట ఒకటే. కాని ఆమెకు రసీదు లేదు, దిగునాడు ఎప్పుడో తెలియదు. ఇంటిపనివారి పాస్‌పోర్టును వారి సమ్మతి లేక ఉంచుకొనరాదని కువైటువారి 2015 నాటి 68వ చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. ఆ సంగతి ఆమెకు చెప్పినవారు లేరు. ఇచ్చిన మఱునాడు ఆమె పేరు వ్రాసియున్న పుస్తకము ఇంకొకరి బీరువాలో ఉన్నది. మీర్ జుమ్లా వ్రేళ్లు జ్ఞాపకమునకు వచ్చుట సహజము.

1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటులో ప్రవేశించినప్పుడు ఇది బయటపడెను. యజమానులు పాఱిపోయిరి, పాస్‌పోర్టులు వారి ఇనుపపెట్టెలలో ఉండిపోయెను. లక్షా డెబ్బదివేలమందికి పైగా భారతీయులను ఎయిరిండియావారు జోర్డాను రాజధాని అమ్మానునుండి 488 విమానములలో స్వదేశము చేర్చిరి. వారిలో చేత పుస్తకము లేనివారును ఉండిరి. అట్టివారికి రాయబార కార్యాలయములు ఇచ్చు ఒంటిదారి పత్రముపేరు 'అత్యవసర ధ్రువపత్రము'. మనవారు 'అవుట్‌పాసు' అందురు. 2018లోను, 2020లోను, 2024లోను కువైటు ప్రభుత్వము గడువు దాటినవారికి క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, కడప జిల్లావారు ఆ తెల్లకాగితముకొఱకే బారులు తీరిరి. ఆ కాగితము పుట్టవలెనన్నచో ఈ మనిషి భారతీయుడని ఏదో ఒక ఆధారము కావలెను. పాత పాస్‌పోర్టు నకలు ఉన్నవారికి పని త్వరగా జరుగును. లేనివారి ఊరికి, పోలీసుఠాణాకు ఉత్తరములు పోవలెను, జవాబులు రావలెను.

ఇచ్చట ఫోను దేవుడైనది. పాస్‌పోర్టు తీసికొనబడుటకు ముందు దాని మొదటి పుటను, చివరి పుటను, వీసాను, ఒప్పందమును ఫోటో తీసి ఇంటికి పంపిన ఆడపడుచు తన చీటీని యజమాని బీరువానుండి తప్పించినట్లే. ఫోను లాగికొనినను ఆ ప్రతి ఊరిలో ఉన్నది. చట్టము దృష్టిలో అది ఉత్త ఫోటోయే. ఓడ ఎక్కుటకు పనికిరాదని పైన చెప్పినదే. కాని మనిషిని వెదకుటకు, నంబరు చెప్పుటకు, రాయబార కార్యాలయమున అర్జీ వ్రాయుటకు అంతకు మించినది లేదు. ఊరిలోని ఆ ఫోటోను అచ్చువేసి రేకుపెట్టెలో ఉంచుట ఇంటివారి పని; ఎందుకనగా ఊరి ఫోనును ఏడాదికొకసారి పగులునదే.

ఇక క్రొత్త చిక్కు. 2025 జులై 1వ తేదీనుండి కువైటులో ప్రైవేటు సంస్థలలో పనిచేయు విదేశీయులు దేశము విడుచుటకు ముందు యజమాని అంగీకారముతో కంప్యూటరు ద్వారా నిష్క్రమణ అనుమతి పొందవలెనను నిబంధన వచ్చినది. ఇందు కాగితము ఒక్కటియు లేదు. దాచుటకు బీరువా అక్కఱలేదు. పాస్‌పోర్టు పనివాని జేబులోనే ఉండవచ్చును. ఐనను అవతలివాడు తెఱపై ఒక గుండీ నొక్కువఱకు విమానము ఎక్కలేడు. కాగితము పోయినంతమాత్రమున బంధనము పోవునని తలచినవారికి ఇది జవాబు. పత్రము కాగితమా, మెఱుపా అన్నదానికంటె, దానిని తెఱచుట ఎవరి వశమున ఉన్నదన్నది పెద్ద ప్రశ్న.

గ్రంథాలయ సభలో ఇదంతయు ఎందుకని ఎవరైన అడుగవచ్చును. కడపలో సి. పి. బ్రౌను దొరగారి బంగళా ఉండిన చోట ఇప్పుడు గ్రంథాలయము ఉన్నది. 1817లో ఓడపై చెన్నపట్టణము చేరిన ఆ దొర, కడపలో పండితులను, లేఖకులను జీతములిచ్చి పెట్టుకొని, తాటాకులపైనున్న తెలుగు కావ్యములను కాగితముపైకి ఎక్కించెను. ఆ రోజులలో తాటాకువారికి కాగితము నమ్మరాని క్రొత్తది. బ్రౌను రెంటిని తారుమారు చేయలేదు: తాటాకు ప్రతులు సేకరించెను, కాగితపు ప్రతులు వ్రాయించెను, ఒక ప్రతిని ఇంకొకదానితో సరిచూపించెను. ఒకచోట చెద తిన్న పద్యము ఇంకొకచోట నిలిచెను. ప్రయాణపత్రముల విషయమున ఇంతకంటె మంచి పద్ధతి ఎవరును కనిపెట్టలేదు.

ఇట్టి గ్రామ గ్రంథాలయము ఒకటి చేయదగిన పని ఉన్నది, అది పుస్తకములు ఇచ్చుటవంటిదే. అరబ్బీలోను ఆంగ్లములోను ఉన్న ఒప్పందమును పోవుటకు ముందు తెలుగులో చదివి వినిపించుట. జీతము ఎంత అని వ్రాసియున్నదో, సెలవు ఎన్నాళ్లని వ్రాసియున్నదో బిగ్గరగా చెప్పుట. ఏజంటు సంఖ్యను పద్దులో చూచిపెట్టుట. పత్రములను గ్రంథాలయపు కంప్యూటరులో మాత్రము దాచరాదు. ఒకరి రహస్యము పదిమంది తిరుగు చోట ఉండరాదు. చూచి, చదివి, ఇంటివారి చేతికే ఇచ్చి పంపవలెను. 1860లో చెన్నపట్టణపు రేవున ఆ కూలివాని ప్రక్కన అట్టి చదువరి ఒకడు లేకపోయెను.

ఇంతలో విశాఖ రేవున ప్రొద్దుటూరి కుటుంబము వరుసలో నిలిచియున్నది. ఉద్యోగిని కొడుకు ఫోనులోని గుర్తును యంత్రముతో చదివినది. తండ్రి సంచిలోని ఆధారు కార్డును తీసి చూచినది. ఇద్దఱును తామే గెలిచితిమని ఒకరినొకరు చూచుకొనిరి. పిమ్మట ఆమె ప్రతివారికి ఒక చిన్న ప్లాస్టిక్ కార్డు ఇచ్చెను. ఓడలో గది తలుపు తెఱచుటకు, భోజనశాలలో పద్దు వ్రాయుటకు, రేవులో దిగి మరల ఎక్కుటకు అదియే ఆధారము. కొడుకు దానికి దారము కట్టి తండ్రి మెడలో వేసెను. తండ్రి దానిని త్రిప్పి చూచెను. ముందువైపు ఓడబొమ్మ ఉన్నది, వెనుకవైపు ఒక నంబరు ఉన్నది.